నేను వినని రేడియో

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటాం. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. టీ తాగి ఇళ్లకు పోతాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీకు ఇష్టమైన విషయం ఏదైనా సరే, ఓ అరగంట మాట్లాడండి. పి.ఆర్.సి. మాట మాత్రం ఎత్తకండి" అన్నారు. ఎత్తను. నేను రేడియో గురించి మాట్లాడతాను.

అందరికీ తెలిసిన రేడియో కాదు. ఇంగ్లండు పక్కన సముద్రంలో, లంగరు వేసిన ఓడల మీద నడిపిన రేడియో స్టేషన్లు కొన్ని ఉండేవి. పైరేట్ రేడియో అన్నారు వాటిని. అంటే ఓడదొంగల రేడియో. 1967 నుంచి నేను వాటికి అభిమానిని. పేపర్లో వాటి గురించి రెండు ముక్కలు పడ్డా కత్తిరించి దాచుకున్నాను. మా ఇంట్లో ఆ ఫైలు ఇప్పటికీ ఉంది, ట్యాగు వేసి, పేజీ నంబర్లు వేసి. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇందులో ఒక చిక్కు ఉంది, ముందే చెప్పేస్తాను. 2019 వరకు ఆ స్టేషన్లలో ఏ ఒక్కదాన్నీ నేను ఒక్క నిమిషమైనా వినలేదు. అవి మీడియం వేవ్ మీద వచ్చేవి, మన దాకా రావు. వినని రేడియోకు అభిమానమేమిటంటారా? కాశీ చూడనివాళ్లు అన్నపూర్ణమ్మకు దణ్ణం పెట్టుకోరా? అలాగే అనుకోండి. అసలు కారణం వేరే ఉంది. దానికి మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. సముద్రం ఎంతో దూరం లేదు. రాత్రి గాలి తిరిగితే హోరు వినిపించేది. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. 1962లో మా ఇంట్లోకి రేడియో వచ్చింది. వాల్వుల సెట్టు. స్విచ్చి వేశాక అది వేడెక్కి మాట్లాడేలోపు అమ్మ పొయ్యి మీద పాలు దించి వచ్చేది. పెరట్లో రెండు వెదురు గడలు పాతి వాటి మధ్య రాగితీగ కట్టాం. వారల్లా దాని మీద కాకులు, ఆదివారం పూట మా బట్టలు.

మీట తిప్పడంలో మా ఇంట్లో మా అక్కయ్యను మించినవారు లేరు. నాకంటే అయిదేళ్లు పెద్దది. ఎనిమిదో తరగతితో చదువు మానిపించారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు అదే ఎక్కువ. ఇరవై అయిదు మీటర్లు, నలభై ఒకటి మీటర్లు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముల్లు ఎక్కడ ఆగితే సిలోన్ వస్తుందో చేతికి తెలుసు. షార్ట్‌వేవ్ సంగతి మీకు తెలిసిందే కదా. గొంతు అలలాగా పైకి లేచి కిందికి పడిపోయేది. చరణం మొదట్లో కిందికి పోయిన పాట పల్లవి దగ్గర మళ్లీ తేలేది. మధ్యలో పోయిన ముక్క అక్కయ్య పాడేసేది.

మన దేశపు స్టేషన్లు ఉండగా సిలోన్ ఎందుకు వినాల్సి వచ్చిందో ఇక్కడున్న పిల్లలకు చెప్పాలి. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటలు మన సంగీతాన్ని పాడుచేస్తున్నాయని ఆయన నమ్మకం. వాటికి ఇచ్చే సమయాన్ని బాగా తగ్గించారు. పాటతోపాటు సినిమా పేరు చెబితే అది ప్రకటన కిందికి వస్తుంది కాబట్టి చెప్పకూడదన్నారు. నిర్మాతలకు ఒళ్లు మండింది, పాటలు వేసుకోవడానికి ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసేసుకున్నారు. దాంతో మన రేడియోలో సినిమా పాట దాదాపుగా మాయమైపోయింది.

ఆయన్ని తిట్టడం తేలిక. నేను తిట్టను. శాస్త్రీయ సంగీత విద్వాంసులకు జీతాలు, కచేరీలు దొరికాయంటే ఆయన చలవే. మన తెలుగులో లలిత సంగీతం రేడియోలో అంతగా పెరిగిందంటే, సినిమా పాట ఖాళీ చేసిన చోటు కూడా దానికి ఒక కారణం. కానీ ఒక సంగతి ఆ ఫైలు మీద ఎవరూ నోట్ చేసినట్టు లేదు. మన స్టేషన్లో పాట ఆపొచ్చు. పక్క దేశపు స్టేషన్లో ఆపడం ఎవరి తరం?

సిలోన్‌లో మంచి షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం పెట్టింది, యుద్ధం అయ్యాక ఆ దేశ ప్రభుత్వానికి దక్కింది. 1950లో వాళ్లు దాని మీద వాణిజ్య ప్రసారాలు మొదలుపెట్టారు. ఇక్కడ తలుపు మూశారు, అక్కడ తలుపు తెరిచే ఉంది. 1952 డిసెంబరులో బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు అమీన్ సయానీ గొంతు. ఆ కార్యక్రమాన్ని బొంబాయిలో రికార్డు చేసి టేపు విమానంలో కొలంబో పంపేవారు. అక్కణ్ణుంచి అది సముద్రం దాటి మళ్లీ మన వంటింట్లోకి వచ్చేది! సయానీ గారు 2024 ఫిబ్రవరిలో పోయారు. మా అక్కయ్యకు హిందీ రాదు. కానీ ఆయన శ్రోతల్ని పలకరించేటప్పుడు అక్కచెల్లెళ్లను ముందు పిలిచి అన్నదమ్ముల్ని తరవాత పిలుస్తాడని ఆమె కనిపెట్టింది. "చూశావా, మేమే ముందు" అని నా నెత్తిన మొట్టేది.

అయిదేళ్లకు మన ప్రభుత్వమూ తెలుసుకుంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టారు. అయినా మా ఇంట్లో సిలోన్ అలవాటు పోలేదు. అందులో తెలుగు పాటలు కూడా వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గారని ఒకావిడ తెలుగులో చెప్పేవారు. మన యాస కాదు, ఏదో తమాషా తీపి. శ్రోతలు ఉత్తరాలు రాస్తే, కోరిన పాట వేసి వాళ్ల పేర్లు చదివేవారు.

పేర్లు చదవడం! ఇప్పటి పిల్లలు తమ ఫోటో తామే లోకానికంతా పంపుకుంటున్నారు, వీళ్లకు ఇది అర్థం కాదు. మా ఊళ్లో ఒక ఆడపిల్ల పేరు రాసి ఉండేది రెండే చోట్ల, బడి రిజిస్టరులో ఒకటి, శుభలేఖ మీద ఒకటి. అలాంటిది సముద్రం అవతల ఒకావిడ మైకు ముందు కూర్చుని ఆ పేరు చదవడమంటే మాటలు కాదు. అక్కయ్య 1964 అంతా ఉత్తరాలు రాసింది. రాసింది అంటే, ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి, నా దస్తూరీ బాగుంటుందని. ఒక్కో ఉత్తరంలో అయిదేసి పాటలు, ఏది దొరికితే అది వేస్తారని. విదేశానికి తపాలా బిళ్ల ఖర్చు ఎక్కువ. పాలు పోసిన డబ్బుల్లో అమ్మకు తెలిసీ తెలియకుండా తీసేది.

ఇక నా సంగతి.

అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండేది. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏడాదికి పదిహేను రూపాయలు పోస్టాఫీసులో కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980లలో ఆ పద్ధతి ఎత్తేశారు. 1965 జనవరిలో నాన్నగారు నాకు పుస్తకం, పదిహేను రూపాయలు ఇచ్చి కట్టి రమ్మన్నారు. అప్పుడు నేను ఎస్.ఎస్.ఎల్.సి. ఆ డబ్బు నేను కట్టలేదు. నాతో చదివే కుర్రవాడొకడు క్రిస్టల్ సెట్ తయారు చేసుకోవచ్చని చెప్పాడు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, రాత్రి దుప్పటి కప్పుకుని సిలోన్ వినొచ్చన్నాడు. ఇద్దరం గుంటూరు వెళ్లాం. ఒక డయోడు, తీగచుట్ట, చెవులకు పెట్టుకునే పాత హెడ్‌ఫోను కొన్నాను. మిగిలింది హోటల్లో తిన్నాం.

దానికి సిలోన్ రాలేదు. రాదు కూడా, అంత దూరపు షార్ట్‌వేవ్ దానికి ఎలా అందుతుంది? విజయవాడ వచ్చింది, అదీ చెవిలో దోమ పాడినట్టు. పదిహేను రూపాయలు పోసి నేను దుప్పటి కింద విన్నది మిరపకాయల ధరవరలు.

"కట్టావురా?" అని నాన్నగారు అడిగితే కట్టానన్నాను. ఆయన పుస్తకం తీసి చూడలేదు. కొడుకు మాట మీద నమ్మకం. ఫిబ్రవరిలో పక్క ఊళ్లోకి లైసెన్సు ఇన్‌స్పెక్టరు వచ్చాడని, ఇంటింటికీ తిరుగుతున్నాడని కబురొచ్చింది. నాన్నగారు పుస్తకం తీసి చూశారు. ముద్ర లేదు. నేను, డబ్బు దారిలో పోయిందని, భయపడి చెప్పలేదని అన్నాను. ఆయన కొట్టలేదు. "పోతే పోయింది, ముందే చెబితే ఏమయ్యేదిరా?" అన్నారు. ఊరి పిల్లలకు అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పే మనిషి, ఆ రాత్రి రేడియోను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు. తీగ విప్పేశారు. మళ్లీ జీతం వచ్చి, ఆలస్య రుసుముతో సహా కట్టేదాకా అది కిందికి దిగలేదు.

రేడియో అటక మీద ఉన్న ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పక్కింటి పిన్నిగారు ఎదురుగా వచ్చి, "అమ్మాయీ, నీ పేరు రేడియోలో చదివారే! ఊరి పేరుతో సహా చదివారు" అంది. అక్కయ్య బావి దగ్గర ఉంది. చేద చేతిలోనే ఉండిపోయింది. తరవాత ఏడాది ఆమెకు పెళ్లయింది. ఇంటిపేరు మారింది. మళ్లీ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పుట్టింటి పేరుతో ఆమె పేరు రేడియోలో వచ్చింది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఆమె వినలేదు.

ఇప్పుడు ఓడల దగ్గరికి వస్తాను.

1967 ఆగస్టు. డిగ్రీ చదువుతున్నాను. గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పత్రిక లోపలి పేజీలో చిన్న వార్త. ఆగస్టు 14 అర్ధరాత్రి నుంచి ఇంగ్లండు తీరంలో ఓడల మీది రేడియోలకు పనిచేయడం నేరమవుతుందని. మన స్వాతంత్ర్య దినం కాబట్టి తారీఖు కంటికి తగిలింది. ఓడల మీద రేడియో ఏమిటి, నేరమేమిటి అని మొత్తం చదివాను. చదువుతుంటే మా అటక గుర్తొచ్చింది.

కథ మనదే, సముద్రం వేరు. ఇంగ్లండులో రేడియో అంటే బి.బి.సి. ఒక్కటే. గ్రామఫోను రికార్డులు రోజుకు ఇన్ని గంటలకు మించి వేయకూడదని రికార్డు కంపెనీలతోనూ, వాద్యకారుల సంఘంతోనూ దానికి ఒప్పందం ఉండేది. రికార్డే వేస్తూ కూర్చుంటే వాయించేవాడి నోట్లో మట్టి కొడతారని సంఘం వాదన. సంఘం పెట్టుకున్న మనం దాన్ని తప్పు పట్టలేం. కానీ కొత్త పాటల కోసం కుర్రకారు ఆవురావురుమంటున్నారు. సాయంత్రం అయ్యాక లక్సెంబర్గ్ అనే చిన్న దేశపు స్టేషను పెట్టుకుని వినేవారు. వాళ్ల సిలోన్ అదన్నమాట!

ఓడల ఆలోచన ఇంగ్లండుది కాదు. 1958లో డెన్మార్కు దగ్గర రేడియో మెర్కుర్, 1960లో హాలండు దగ్గర రేడియో వెరోనికా మొదలయ్యాయి. ఇంగ్లండు తీరానికి ఆ పద్ధతి తెచ్చినవాడు రోనన్ ఓ రాహిలీ అనే ఐర్లండు కుర్రవాడు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. తన దగ్గరున్న ఒక గాయకుడి రికార్డు ఏ స్టేషనూ వేయనంటే, అయితే నేనే స్టేషను పెడతానన్నాడని చెబుతారు. డెన్మార్కు వాళ్ల పాత ప్రయాణికుల ఓడ ఒకటి కొన్నాడు. ఐర్లండులో వాళ్ల నాన్నకు సొంత రేవు ఉంది, అక్కడ దాని మీద ట్రాన్స్‌మిటరు, పెద్ద స్తంభం బిగించాడు. 1964 మార్చి 28న అది రేడియో కరోలిన్ అయి మాట్లాడింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ గారి పాప పేరు పెట్టాడట.

ఇందులో కిటుకు మూడు మైళ్లలో ఉంది. ఆ రోజుల్లో తీరం నుంచి మూడు సముద్రపు మైళ్ల వరకే ఇంగ్లండు చట్టం. ఓడ దాని అవతల ఉంది. జెండా మరో దేశానిది. నిబంధనల పుస్తకం తెరిచి చూస్తే తప్పు పట్టడానికి సెక్షను లేదు. ఆఫీసులో ముప్పై ఏడేళ్లు నిబంధనలు చూసి "వీలుపడదు" అని నోట్ పెట్టినవాణ్ణి నేను. ఇలాంటి సందు కనిపెట్టినవాణ్ణి చూస్తే ఒక పక్క కోపం, ఒక పక్క ముచ్చట.

రెండేళ్లలో ఆ తీరమంతా ఓడలే. కరోలినే రెండైంది, ఒకటి దక్షిణాన, ఒకటి మాన్ దీవి దగ్గర. అమెరికా వాళ్ల పాత యుద్ధనౌక ఒకటి రేడియో లండన్ అయింది. యుద్ధకాలంలో సముద్రంలో కట్టి వదిలేసిన కోటల్లో కూడా స్టేషన్లు పెట్టారు. పైనుంచి చూస్తే సరదాగా ఉంటుంది కానీ లోపల బతుకు అంత సరదా కాదు. తిండి, నీళ్లు, డీజిలు అన్నీ చిన్న పడవల్లో రావాలి. ఓడ ఊగితే రికార్డు మీది ముల్లు గెంతుతుంది. 1966 జనవరిలో తుఫానుకు లంగరు తెగి కరోలిన్ ఓడ ఫ్రింటన్ అనే ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులోవాళ్లను తాడుకు కట్టి ఒక్కొక్కరినే ఒడ్డుకు లాగారు. ఆ ఏడు జూన్‌లో ఒక కోట స్టేషను గొడవలో కాల్పులు జరిగి ఒక యజమాని చనిపోయాడు. అప్పటిదాకా కుర్రాళ్ల అల్లరి అనుకున్నవాళ్లు కూడా ఇక ఊరుకోకూడదన్నారు.

చట్టం రాసినవాడెవడో గాని గట్టివాడు. ఓడను ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి అధికారం లేదు. దానికి అన్నం పెట్టే చెయ్యి పట్టుకున్నాడు. బ్రిటిష్ పౌరుడెవరూ ఆ ఓడలో ఉద్యోగం చేయరాదు, సరుకు అందించరాదు, ప్రకటన ఇవ్వరాదు. అంతే. 1967 ఆగస్టు 14 మధ్యాహ్నం మూడింటికి రేడియో లండన్ మూగబోయింది. మిగతావీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. కరోలిన్ ఒక్కటి మాత్రం అర్ధరాత్రి దాటాక కూడా, ఇప్పుడు మేము నేరస్థులం అని తెలిసీ, పాట వేసింది. ఏడాది తిరగకుండానే, 1968 మార్చిలో, అప్పులవాళ్లు దాని రెండు ఓడల్నీ లాక్కుపోయారు. చట్టం చేయలేని పని బాకీ చేసింది.

ఇంకో తమాషా ఉంది. ఓడలు మూయించిన ఆరు వారాలకు, 1967 సెప్టెంబరు 30న, బి.బి.సి. కొత్త పాటల కోసమే రేడియో వన్ అని ఒక స్టేషను పెట్టింది. అందులో మాట్లాడటానికి ఎవర్ని తీసుకున్నారు? ఓడల మీద పనిచేసిన కుర్రాళ్లనే. మొదటి రోజు పొద్దున మొదటి గొంతు టోనీ బ్లాక్‌బర్న్‌ది, కరోలిన్‌లోనూ లండన్‌లోనూ పనిచేసినవాడు. ఈ విషయంలో మన ప్రభుత్వమే నయం. వివిధభారతి దీనికంటే పదేళ్ల ముందు పెట్టింది.

సిలోన్ మాత్రం దొంగ స్టేషన్ కాదు, పొరపాటు పడకండి. అది ఒక దేశపు ప్రభుత్వ స్టేషను, అన్నీ సక్రమం. దొంగ ఎవరైనా ఉన్నాడంటే అది వినేవాడే, అంటే మేమే. అటక మీద ఒక సెట్టు, నా దుప్పటి కింద ఒక సెట్టు, రెంటికీ లైసెన్సు లేదు. ఓడల వాళ్లు మూడు మైళ్ల అవతల పోయి పగటిపూట అందరికీ తెలిసేలా చేసిన పని, నేను ఇంట్లో కూర్చుని చీకట్లో చేశాను. అందుకే కాబోలు ఆ కుర్రాళ్ల మీద నాకు అంత ఇష్టం.

1970లో గ్రూప్ ఫోర్ రాసి ఎల్.డి.సి. అయ్యాను, 2007లో సూపరింటెండెంటుగా దిగాను. ఆ మధ్య సంగతులు మీకు చెప్పక్కర్లేదు, మనందరివీ ఒకటే. కరోలిన్ కథ మాత్రం చదువుతూనే ఉన్నాను. 1972లో మళ్లీ మొదలైంది. 1980 మార్చిలో తుఫానులో ఓడ మునిగిపోయింది. మనుషుల్ని లైఫ్‌బోటు వాళ్లు రక్షించారు, వాళ్ల పెంపుడు కానరీ పిట్టను కూడా. 1983లో రాస్ రివెంజ్ అనే పాత చేపల ఓడ మీద మళ్లీ వచ్చింది. దాని స్తంభం మూడు వందల అడుగులు. 1987లో అదీ కూలింది. 1991లో ఓడ ఇసుక తిన్నెల మీదికి ఎక్కేసింది. చావదే! చివరికి 2017లో ప్రభుత్వమే దానికి లైసెన్సు ఇచ్చింది, మీడియం వేవ్‌లో 648 కిలోహెర్ట్జ్. అంతకుముందు బి.బి.సి. వరల్డ్ సర్వీసు వాడి 2011లో వదిలేసిన స్థానం అది. 1964 నుంచి 2017, యాభై మూడేళ్లు. మన బకాయిల ఫైలు ఆలస్యమవుతోందని బాధపడేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

2019 ఎండాకాలంలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లాను. వాళ్లుండేది ఎసెక్స్‌లో. విమానాశ్రయం నుంచి వస్తూ కారులో అల్లుడుగారిని, "ఇందులో మీడియం వేవ్ ఉందా బాబూ?" అని అడిగాను. ఆయన వెతికి వెతికి పట్టుకున్నారు. 648. చిరచిర మంటూ ఒక మగగొంతు, తరవాత ఒక పాట. నేను యాభై రెండేళ్లు ఎదురుచూసిన స్టేషను. నిజం చెబుతున్నాను, పాట నాకు నచ్చలేదు. ఇంగ్లీషు పాటలు నాకు మొదటినుంచీ ఎక్కవు. అమ్మాయి నవ్వింది, "దీనికోసమా నాన్నా?" అని. దీనికోసమే.

వారం తరవాత వెస్ట్ మెర్సీ అనే రేవుకు తీసుకెళ్లారు. అక్కణ్ణుంచి చిన్న పడవ. బ్లాక్‌వాటర్ నదీముఖంలో రాస్ రివెంజ్ లంగరు వేసి ఉంది. ఎర్రగా, మన చేపల రేవుల్లో పెద్ద లాంచీలాగే ఉంది, ఇంకా పెద్దది. నిచ్చెన ఎక్కేటప్పుడు మోకాళ్లు గోల పెట్టాయి. లోపల ఇరుకు మెట్లు, నూనె వాసన, గోడ నిండా రికార్డులు, చిన్న స్టూడియో. ఓడను చూసుకునేది జీతగాళ్లు కాదు, అభిమానులే. చాలామంది మన వయసువాళ్లు. ఒకాయన టెలిఫోను శాఖలో చేసి రిటైరయ్యాడట. మొదటి అయిదు నిమిషాలు ఇద్దరం పెన్షను గురించే మాట్లాడుకున్నాం.

తరవాత ఆయన, "మీరు ఏ ఓడ వినేవారు?" అని అడిగాడు. ఏదీ వినలేదన్నాను. సిలోన్ అన్నాను. ఆయనకు తెలుసు! కుర్రతనంలో దూరపు స్టేషన్లు పట్టే సరదా ఉండేదట. అప్పుడు నాకు ఏమనిపించిందో, లైసెన్సు సంగతి, పదిహేను రూపాయల సంగతి, అటక సంగతి, నా ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను. మా అమ్మాయి పక్కనే ఉంది, ఆమెకూ అదే మొదటిసారి వినడం. ఆయన నవ్వి, వాళ్ల దేశంలోనూ రేడియోకు 1971 దాకా లైసెన్సు ఉండేదని, వాళ్ల నాన్న కట్టేవాడు కాదని చెప్పాడు. ఆ తరవాత నవ్వు ఆపి, "మీ అక్కగారికి ఈ సంగతి చెప్పారా?" అని అడిగాడు.

చెప్పలేదు. యాభై నాలుగేళ్లు చెప్పలేదు. నాన్నగారు 1988లో పోయారు, డబ్బు దారిలో పోయిందనే నమ్మి పోయారు.

మర్నాడు ఫోను చేశాను. అక్కయ్య చీరాలలో కొడుకు దగ్గర ఉంటుంది. ముందు ఓడ గురించి చెప్పాను. "ఓడ మీద రేడియో ఏమిట్రా, తుప్పు పట్టదూ?" అంది. తరవాత గుంటూరు వెళ్లిన సంగతి చెప్పాను. డబ్బు పోలేదక్కయ్యా, నేనే ఖర్చు పెట్టానన్నాను. కాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందనుకున్నాను.

"నాకు తెలుసురా" అంది.

"ఎలా తెలుసు?"

"నీ పక్క దులిపేది ఎవరు? చెవులకు పెట్టుకునే ఆ సామాను దుప్పట్లో దొరికింది. నేనే మళ్లీ అక్కడ పెట్టాను."

"మరి నాన్నగారికి చెప్పలేదేం?"

"చెబితే రేడియోనే అమ్మేసేవారు. అప్పుడు నేనేం వినేదాన్ని?"

నాకు మాట రాలేదు. ఆవిడే అంది, "అది కాదురా, పేరు చదివారని పిన్నిగారు చెప్పారు గానీ ఏ పాట వేశారో చెప్పనే లేదు. ఎన్నిసార్లు అడిగినా గుర్తులేదనేది. ఉత్తరం నువ్వే కదా రాశావు, మనం ఏ పాటలు అడిగాం?"

ప్రతి ఉత్తరంలో అయిదు పాటలు. ఎన్నో ఉత్తరాలు. రెండు పాటలు తప్ప నాకూ గుర్తులేవు. అందులో వాళ్లు ఏది వేశారో ఎలా చెప్పను?

ఇక్కడున్నవారిలో, ఈ సంచిక చదివేవారిలో, ఆ రోజుల్లో సిలోన్ తెలుగు ప్రసారాలు విని నోటు పుస్తకంలో పాటలు, పేర్లు రాసుకున్నవారు ఉండవచ్చు. అలా రాసుకునేవాళ్లు ఉండేవారని నాకు తెలుసు. 1965 ఫిబ్రవరి, ఆఖరి పక్షం. బాపట్ల దగ్గర ఒక ఊరి పేరు. మీ దగ్గర ఆ పుస్తకం ఉంటే ఒక్కసారి తిరగేసి, సభ అయ్యాక నాతో ఒక మాట చెప్పండి. మా అక్కయ్య ఇప్పటికీ అడుగుతూనే ఉంది.